‘తొందరపాటు చర్యలు’ అంటే ఏమిటి? బలవంతానికి ఇంగ్లీషులో ఉన్న పేర్లు

పేపర్లో కోర్టు వార్తలు చదివేవాళ్లకి ఈ వాక్యం బాగా పరిచయం: ‘పిటిషనర్‌పై తొందరపాటు చర్యలు తీసుకోవద్దని హైకోర్టు పోలీసులను ఆదేశించింది.’ చదివినవాళ్లకి ఏం అర్థమవుతుంది? పోలీసులు కంగారుపడకుండా కాస్త నిదానంగా వెళ్లాలని. కానీ ఇంగ్లీషు ఉత్తర్వులో తొందర ఊసే ఉండదు. అక్కడ సాధారణంగా కనిపించే మాట ‘నో కోయర్సివ్ స్టెప్స్’, అంటే బలవంతపు చర్యలు వద్దని. నెల రోజులు ఆలోచించి, ఎంతో నిదానంగా వచ్చి అరెస్టు చేసినా అది కోయర్సివ్ చర్యే అవుతుంది.

కొన్ని పత్రికలు దీన్నే ‘కఠిన చర్యలు’ అని రాస్తాయి, కొన్ని ‘బలవంతపు చర్యలు’ అంటాయి. తప్పంతా అనువదించినవాళ్ల మీద వేయలేం. 2021 ఏప్రిల్ 13న నీహారికా ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసు తీర్పులో సుప్రీంకోర్టే ఈ మాట మీద అభ్యంతరం చెప్పింది. ‘నో కోయర్సివ్ స్టెప్స్’ అనేది మరీ అస్పష్టంగా, మరీ విశాలంగా ఉందని, దాన్ని వాడే హైకోర్టు తన ఉద్దేశం ఏమిటో విడమరిచి చెప్పాలని అంది. ఆపమన్నది అరెస్టునా, మొత్తం దర్యాప్తునా? ఒక్క మాట తేలకపోతే నిందితుడికీ, ఫిర్యాదు చేసినవాళ్లకీ, పోలీసులకీ ఎవరికి తోచిన అర్థం వాళ్లది.

ఈ మాట ఒక్కటే కాదు. ఫోర్స్, కంపెల్, కోయర్స్, ప్రెషర్, ఎక్స్‌టార్ట్, డ్యూరెస్ అని ఇంగ్లీషులో పెద్ద కుటుంబమే ఉంది. వీటిని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఏం పోతోందో తెలియాలంటే ముందు మన భాష సంగతి చూసుకోవాలి.

బూరె వడ్డించడానికీ పొలం రాయించుకోవడానికీ ఒకటే మాట

పెళ్లి భోజనంలో ‘బలవంతం చేసి ఇంకో బూరె వేశారు’ అంటాం. ‘పొలం బలవంతంగా రాయించుకున్నారు’ అనీ అంటాం. ఆడవాళ్ల మీద జరిగే అఘాయిత్యాన్ని చెప్పడానికీ అదే మాట వాడతాం. ప్రేమతో చేసిన మర్యాద ఒక చివర, ఘోరమైన నేరం ఇంకో చివర.

అలాగని తెలుగులో మాటలకు కరువేమీ లేదు. నచ్చజెప్పడం, బతిమాలడం, కాళ్లావేళ్లా పడటం, పోరు పెట్టడం, మొహమాటపెట్టడం, పురిగొల్పడం, దబాయించడం, బెదిరించడం, మెడలు వంచడం, ముక్కుపిండి వసూలు చేయడం... ఏ మాట ఎక్కడ పడాలో పల్లెలో చదువు రాని పెద్దవాళ్లకి కూడా తెలుసు. చిక్కంతా మాట కాగితం మీదకి ఎక్కేటప్పుడు వస్తుంది. ఫిర్యాదులో, వార్తలో, ఆఫీసు మెయిల్లో ఇవన్నీ రాలిపోయి ‘ఒత్తిడి’, ‘బలవంతం’ అనే రెండే మిగులుతాయి. ఆ రెండింటిని ఇంగ్లీషులోకి మార్చేవాళ్లు చేతికి అందిన మాట ఏదో ఒకటి పెట్టేస్తారు. ఆ మాటను బట్టే కేసు బలం మారిపోతుంది.

వర్షం కంపెల్ చేయగలదు, కోయర్స్ చేయలేదు

ఒక రైతు పొలం అమ్మకం కాగితం మీద గుర్తు పెట్టాడనుకుందాం. కాగితం అదే, పొలం అదే. ఎలా పెట్టాడన్నదొక్కటే మార్చి చూద్దాం.

నలుగురు అతన్ని కదలకుండా పట్టుకుని, వేలు ఇంకు ప్యాడ్‌కి అద్ది, కాగితం మీద నొక్కారు. ఇది ఫోర్స్. వేలు అతనిదే కానీ పని అతనిది కాదు. అతని మనసుతో అవసరమే లేకుండా పని జరిగిపోయింది.

‘సంతకం పెట్టకపోతే ఈ రాత్రికి నీ గడ్డివాము తగలబెడతాం’ అన్నారు. భయపడి సంతకం పెట్టాడు. ఇది కోయర్స్. ఈసారి చెయ్యి కదిపింది అతనే. వాము పోవాలా, పొలం పోవాలా అని లెక్క వేసుకున్నదీ అతనే. కాకపోతే ఆ లెక్కను ఇంకొకడు కావాలని తెచ్చి అతని ముందు పెట్టాడు.

కూతురికి ఆపరేషన్. వారంలో డబ్బు కట్టాలి. పొలం అమ్ముకున్నాడు. ఇది కంపెల్. ఎవరూ బెదిరించలేదు, పరిస్థితి తోసింది. మనం ‘గత్యంతరం లేక’, ‘విధిలేక’ అనే చోట ఇంగ్లీషువాళ్లు ఈ మాట వాడతారు. కంపెల్ చేసేది మనిషే అయి ఉండక్కర్లేదు. వర్షం చేయొచ్చు, ఆకలి చేయొచ్చు, మనస్సాక్షి కూడా చేయొచ్చు. చట్టం మనిషిని సాక్ష్యానికి రమ్మని కంపెల్ చేస్తుంది, అందులో తప్పేమీ లేదు. కోయర్స్ చేయడానికి మాత్రం ఎదుట మనిషో, మనుషులు నడిపే వ్యవస్థో ఉండాలి. ఒక బెదిరింపు ఉండాలి, దాని వెనక ఒక ఉద్దేశం ఉండాలి.

నెల రోజులు ఇంటి చుట్టూ తిరిగి, ఫోన్లు చేసి, బావమరిది చేత చెప్పించి, ఊరి పెద్దల చేత అనిపించి ఒప్పించారు. ఇది ప్రెషర్. ‘కాదు’ అనే దారి మూసుకుపోలేదు గానీ, ఆ దారిలో నడవడం రోజురోజుకీ కష్టమైంది. ఇక ‘రోడ్డు వేరే వైపు పడుతోంది, ఈ ధర మళ్లీ రాదు’ అని లెక్కలు చూపించి ఒప్పిస్తే అది పర్స్యుయేడ్. అదే మన నచ్చజెప్పడం.

రోజువారీ ఇంగ్లీషులో ఈ గీతలు ఇంత కచ్చితంగా ఉండవు. ఫోర్స్ అన్నమాట మన బలవంతం లాగే అన్ని చోట్లా తిరుగుతుంది. అయినా గట్టిగా రాయాల్సి వచ్చినప్పుడు వాళ్లు మనసులో చూసుకునేది ఇవే: తోసింది ఎవరు, బెదిరింపు ఉందా, ‘కాదు’ అనడానికి చోటు మిగిలిందా.

మాటల పుట్టుక చూస్తే ఈ తేడా ఇంకా బాగా గుర్తుంటుంది. కంపెల్ లాటిన్‌లో ‘తోలడం’ నుంచి వచ్చింది, పశువుల్ని తోలినట్టు. కోయర్స్ అంటే అసలు ‘చుట్టూ మూసి కట్టడి చేయడం’. మన ‘నిర్బంధం’ దానికి దగ్గర చుట్టం. ఎక్స్‌టార్ట్‌కి మూలం ‘మెలిపెట్టడం’. టార్చర్ అన్న మాటా అదే వేరు నుంచి మొలిచింది. మన ‘ముక్కుపిండి వసూలు చేయడం’లో ఉన్న బొమ్మ సరిగ్గా ఇదే. వేల మైళ్ల దూరంలో రెండు భాషలు ఒకే దృశ్యాన్ని పట్టుకోవడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

బ్లాక్‌మెయిల్‌లో మెయిల్ ఉత్తరం కాదు

తెలుగులో పూర్తిగా కలిసిపోయిన మాట బ్లాక్‌మెయిల్. అందులోని మెయిల్‌కి ఉత్తరాలతో సంబంధం లేదు. స్కాట్లాండ్ మాండలికంలో మెయిల్ అంటే కౌలు, కప్పం. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దులో దోపిడీ ముఠాలు ‘మీ పంటా పశువులూ క్షేమంగా ఉండాలంటే ఇంత ఇవ్వండి’ అని రైతుల దగ్గర దండుకునేవి. ఆ వసూలే బ్లాక్‌మెయిల్. రహస్యం బయటపెడతానని బెదిరించడం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది.

దీనికి ఎక్స్‌టార్షన్‌తో తేడా ఉంది. ఎక్స్‌టార్షన్ అంటే హాని చేస్తానని భయపెట్టి డబ్బో, ఆస్తో, సంతకం పెట్టిన కాగితమో రాబట్టుకోవడం. పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 308వ సెక్షన్. మన చట్టంలో బ్లాక్‌మెయిల్ పేరుతో విడిగా నేరం లేదు, చాలా సందర్భాల్లో అది కూడా ఇందులోకే వస్తుంది. బ్లాక్‌మెయిల్‌లో ఒక వింత ఉంది. ఒకరి గురించి నిజం చెప్పడం మామూలుగా నేరం కాదు. ఒకరిని డబ్బు అడగడమూ నేరం కాదు. ‘డబ్బు ఇవ్వకపోతే నిజం చెప్పేస్తా’ అని రెండూ కలిపితే నేరం అవుతుంది. ఎందుకని న్యాయశాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

చట్టం గీసిన ఇరుకైన గీత

మన దేశంలో కోయర్షన్‌కి కచ్చితమైన నిర్వచనం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 15వ సెక్షన్‌లో ఉంది. ఒప్పందానికి దించాలనే ఉద్దేశంతో శిక్షాస్మృతి నిషేధించిన పని చేయడం లేదా చేస్తానని బెదిరించడం ఒకటి. ఆస్తిని అక్రమంగా పట్టి ఉంచుకోవడం లేదా పట్టి ఉంచుతానని బెదిరించడం రెండోది. అంతే. అలా కుదిరిన ఒప్పందం తనంతట తాను రద్దు కాదు, బాధితుడు కావాలనుకుంటే రద్దు చేయించుకోవచ్చు.

మరి కత్తులూ కేకలూ లేకుండా, పెద్దరికంతోనో నమ్మకంతోనో లొంగదీస్తే? దానికి 16వ సెక్షన్ ఉంది, అన్‌డ్యూ ఇన్‌ఫ్లుయెన్స్. తెలుగు మీడియంలో కామర్స్ చదివినవాళ్లు ‘అనుచిత ప్రభావం’గా గుర్తుపడతారు. ఒకరి మనసుని శాసించగల స్థానంలో ఉండి, ఆ స్థానాన్ని వాడుకుని అన్యాయమైన లాభం పొందడం. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: జబ్బుతోనో వయసుతోనో నీరసించిన మనిషి చేత, అతనికి వైద్యం చేసేవాడు తన సేవలకి అన్యాయమైన మొత్తం ఇచ్చేలా ఒప్పించుకోవడం. ఇంగ్లండు చట్టంలో వినిపించే డ్యూరెస్ మన 15వ సెక్షన్‌కి పోలిక. ‘కఠినత్వం’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది.

శవం ఇంట్లో ఉండగా ఒక సంతకం

ఈ సెక్షన్ల అసలు లోతు తెలిసేది మద్రాసు హైకోర్టు పాత కేసుల్లో. 1889 నాటి రంగనాయకమ్మ కేసు చూడండి. 13 ఏళ్ల పిల్ల. భర్త చనిపోయాడు. ఫలానా కుర్రాణ్ణి దత్తత తీసుకుంటానని ఒప్పుకుంటే గానీ శవాన్ని అంత్యక్రియలకు కదలనివ్వమని బంధువులు అడ్డుపడ్డారు. పిల్ల ఒప్పుకుంది. ఎవరూ కొట్టలేదు, కత్తి చూపలేదు. ఆ ఇంట్లో, ఆ పరిస్థితిలో ఆ పిల్లకి ఇంకే దారి ఉంటుంది? ఆ దత్తతకి ఆమె కట్టుబడనక్కర్లేదని కోర్టు చెప్పింది. ఈ కేసు కోయర్షన్ కిందికి వస్తుందా, అనుచిత ప్రభావం కిందికా అని పాఠ్యపుస్తకాలు రెండు రకాలుగా రాస్తాయి. ఎటు పెట్టినా అన్యాయం అన్యాయమే, కానీ మాటల మధ్య గోడ ఎంత పల్చనో ఇది చూపిస్తుంది.

1917 నాటి చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మ కేసు ఇంకా చిక్కు. ఒకాయన తన భార్యనీ కొడుకునీ, వాళ్లు తమదంటున్న ఆస్తి మీద హక్కు వదులుకుంటూ తన సోదరుడి పేర కాగితం రాయమన్నాడు. రాయకపోతే ప్రాణం తీసుకుంటానన్నాడు. వాళ్లు రాసిచ్చారు. హాని చేస్తానన్నది ఎదుటివాళ్లకి కాదు, తనకే. ఇది కోయర్షన్ అవుతుందా?

ముగ్గురు జడ్జీల్లో వాలిస్, శేషగిరి అయ్యర్ అవుతుందన్నారు. ప్రాణం తీసుకున్నవాణ్ణి శిక్షించడం కుదరకపోయినా, ఆ ప్రయత్నం నేరం కాబట్టి చట్టం ఆ పనిని నిషేధించినట్టేనని వాళ్ల తర్కం. ఓల్డ్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు. శిక్ష లేని పనిని శిక్షాస్మృతి నిషేధించిందని ఎలా అంటాం, 15వ సెక్షన్‌ని అక్షరాలకు కట్టుబడి చదవాలన్నాడు. న్యాయం మొదటి ఇద్దరి వైపే ఉందని నాకనిపిస్తుంది. ఆ మాట విని కూడా గుండె రాయి చేసుకుని ‘సంతకం పెట్టను’ అనగలిగిన ఇల్లాలు ఎక్కడుంటుంది? కానీ ఓల్డ్‌ఫీల్డ్ ప్రశ్నకి ఇప్పుడు మళ్లీ బలం వచ్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో ఆత్మహత్యా ప్రయత్నం అనే సాధారణ నేరం లేదు. ప్రభుత్వ ఉద్యోగిని విధి విషయంలో లొంగదీయడానికి అలా చేస్తేనే 226వ సెక్షన్ కింద నేరం. కాబట్టి వందేళ్ల నాటి ఆ తర్కంలో ఒక మెట్టు ఊడిపోయింది.

గుమ్మం ముందు కూర్చున్నవాడు

తన బాధతో ఎదుటివాణ్ణి వంచడం మన దేశంలో ఎంత పాతదంటే, ఇంగ్లీషు భాష ఆ మాటను మన దగ్గరే తీసుకుంది. ధర్నా. ఇప్పుడంటే కలెక్టరేట్ ముందు జెండాలు. పూర్వం ధర్నా అంటే అప్పిచ్చినవాడు బాకీదారు గుమ్మం ముందు తిండి మానేసి కూర్చోవడం. తన ఉసురు తగులుతుందనే భయంతో బాకీ కట్టించుకోవడం. 1860 శిక్షాస్మృతి 508వ సెక్షన్‌లో దైవాగ్రహం కలుగుతుందని నమ్మించి పని చేయించుకోవడాన్ని నేరం చేసి, ఉదాహరణగా ధర్నానే పేరు పెట్టి రాశారు.

గుమ్మం ముందు కూర్చోవడం అక్కడితో ఆగలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్లు ఎన్నో ఇళ్లలో చిచ్చు పెట్టాక, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పు తీసుకున్నవాళ్లనీ, వాళ్ల కుటుంబాన్నీ అవమానించడం, బెదిరించడం, వెంటపడటం, ఇంటికో పనిచేసే చోటుకో అదేపనిగా వెళ్లడం అన్నీ కోయర్సివ్ చర్యలుగా రాశారు. వాయిదాలు గ్రామ పంచాయతీ ఆఫీసులోనో, కలెక్టర్ చెప్పిన బహిరంగ స్థలంలోనో కట్టించుకోవాలన్నారు. 2025లో కర్ణాటక, తమిళనాడు తెచ్చిన చట్టాల పేర్లలోనే ‘ప్రివెన్షన్ ఆఫ్ కోయర్సివ్ యాక్షన్స్’ అని ఉంది. కాంట్రాక్టు చట్టంలోని కోయర్షన్‌కి శిక్షాస్మృతి నేరమో, ఆస్తిని పట్టి ఉంచడమో కావాలి. ఇక్కడ అదేపనిగా ఇంటికి రావడమే చాలు. అక్షరాలు అవే, అర్థం గజం పెరిగింది.

పేదరికం కోయర్స్ చేస్తుందా?

అన్నిటికన్నా పెద్ద గొడవ ఇక్కడే ఉంది. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టినీ, బలవంతపు చాకిరీనీ నిషేధిస్తుంది. ఇంగ్లీషు ప్రతిలో కూడా ‘బేగార్’ అన్న దేశీ మాటనే ఉంచారు. తెలంగాణ పల్లెల్లో దొరల గడీల దగ్గర తరతరాలు చేసిన వెట్టి తెలిసినవాళ్లకి ఆ మాట వివరించక్కర్లేదు.

1982 ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) నిర్మాణ పనుల్లో కూలీలకి కనీస వేతనం రోజుకి 9.25 రూపాయలు. అందులో ఒక రూపాయి కూలీల్ని పనికి తెచ్చే జమాదార్లు మింగేసేవారు. ఎవరూ కూలీల్ని కట్టేయలేదు. తమంతట తామే వచ్చి పని చేశారు కదా అన్నది ప్రశ్న. సుప్రీంకోర్టులో జస్టిస్ భగవతి తీర్పు ఏమందంటే: ఫోర్స్ అంటే ఒంటి మీద చెయ్యి పడటమే కానక్కర్లేదు, ఆకలీ పేదరికమూ మనిషికి వేరే దారి లేకుండా చేసి చాకిరీకి నెడితే అదీ ఫోర్సే.

దీనికి ఎదురువాదం కూడా తేలిగ్గా తీసేసేది కాదు. 16వ సెక్షన్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది: మార్కెట్లో డబ్బుకి కటకటగా ఉన్నప్పుడు బ్యాంకరు మామూలు కంటే బాగా ఎక్కువ వడ్డీకి తప్ప ఇవ్వనంటాడు, అవసరంలో ఉన్నవాడు ఒప్పుకుంటాడు. ఇది వ్యాపారంలో మామూలే, అనుచిత ప్రభావం కాదంటుంది చట్టం. అవసరమే కోయర్షన్ అయితే అవసరంలో ఉన్నవాడితో చేసిన ఏ ఒప్పందమూ నిలవదు, అప్పుడు వాడికి అప్పు పుట్టేదెక్కడ?

1969లో అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ దీన్ని ఇంకో వైపు నుంచి చూశాడు. ఎదుటివాడి మాట వల్ల నీ పరిస్థితి మామూలుగా ఉండాల్సిన దానికన్నా దిగజారితే అది బెదిరింపు, మెరుగుపడితే అది ఆఫర్. వినడానికి తేలికే. కానీ ‘మామూలుగా ఉండాల్సింది’ ఏది? ఏషియాడ్ కూలీ ఊళ్లో పస్తులుంటే 8.25 రూపాయలు మెరుగే. అతనికి చట్టప్రకారం రావాల్సింది 9.25 అనుకుంటే అది కోత. భగవతి తీర్పు గీత గీసింది సరిగ్గా అక్కడ, కనీస వేతనం దగ్గర. పేదవాడు చేసే ప్రతి పనీ బలవంతపు చాకిరీ అని ఆ తీర్పు అనలేదు. దాన్ని తిట్టేవాళ్లూ పొగిడేవాళ్లూ కూడా ఈ సంగతి తరచుగా మర్చిపోతారు.

ఒక రాజీనామా, నాలుగు రకాలు

ఈ మధ్య ఐటీ ఉద్యోగాల్లో ఎక్కువగా వినిపిస్తున్న మాట ‘ఫోర్స్‌డ్ రెజిగ్నేషన్’. పైన చెప్పుకున్నవన్నీ ఇక్కడ పెట్టి చూస్తే తేడాలు తేలతాయి.

‘రాజీనామా ఇవ్వండి, లేకపోతే నోటీసు పీరియడ్ జీతం ఇచ్చి తీసేస్తాం’ అన్నారు. తీసేయడానికి వాళ్లకి నిజంగా హక్కు ఉంటే, హక్కున్న పని చేస్తామనడం 15వ సెక్షన్ కోయర్షన్ కాదు. మనిషికి రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా చట్టం దృష్టిలో అది ప్రెషరే. ‘రాజీనామా ఇచ్చేదాకా మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వం’ అన్నారు. ఇది వేరే సంగతి. సర్టిఫికెట్లు ఉద్యోగి ఆస్తి. అక్రమంగా పట్టి ఉంచడం నేరుగా 15వ సెక్షన్ రెండో భాగంలో పడుతుంది. ‘డేటా దొంగిలించావని కేసు పెడతాం’ అని లేని నేరం అంటగడతామన్నారు. అబద్ధపు కేసు పెట్టడం నేరం కాబట్టి ఇది మొదటి భాగం. నాలుగోది, తలుపు వేసి మూడు గంటలు గదిలో కూర్చోబెట్టి, ఫోన్ తీసేసుకుని రాయించారు. అక్రమంగా నిర్బంధించడమే ఒక నేరం, కోయర్షన్ దాని మీద అదనం.

బాధపడినవాళ్లందరూ ఇంట్లో చెప్పుకునేది మాత్రం ఒకే వాక్యం, ‘బలవంతంగా రాజీనామా చేయించారు’ అని.

ఒత్తిడి ఎప్పుడు నిర్బంధం అవుతుందో కోర్టులు కూడా ఒకే గీత మీద నిలబడలేదు. నేరారోపణ ఎదుర్కొంటున్నవాణ్ణి తనకి తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ‘కంపెల్’ చేయకూడదని రాజ్యాంగం 20(3) అధికరణ అంటుంది. 1978లో నందినీ సత్పతి కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్, కొట్టడం ఒక్కటే కంపెల్ కాదని, మానసిక హింస, చుట్టూ వాతావరణం పెట్టే ఒత్తిడి, అలసిపోయేదాకా సాగదీసే ప్రశ్నలు, బెదిరింపు ధోరణి కూడా అందులోకి వస్తాయని రాశారు. అదే కంపెల్ అన్న మాట న్యాయ సంహిత 32వ సెక్షన్‌లోనూ ఉంది, బెదిరింపుకి లొంగి నేరం చేసినవాడికి రక్షణ ఇచ్చే చోట. అక్కడ మాత్రం ‘అక్కడికక్కడే ప్రాణం పోతుంది’ అనే భయం ఉంటే తప్ప కుదరదు. హత్యకైతే అదీ పనికిరాదు. బాధితుడి నోరు తెరిపించే చోట మాట విశాలం, బాధితుడి చేత ఇంకొకరికి హాని చేయించిన చోట అదే మాట సూదిబెజ్జం.

ఇంగ్లీషులో దొరకని మాట

ఇంత పెద్ద కుటుంబంలోనూ మన మొహమాటానికి జోడీ లేదు. పిన్ని కొడుకు బ్యాంకు లోనుకి షూరిటీ సంతకం కావాలన్నాడు. బెదిరించలేదు, పోరు పెట్టలేదు, రెండోసారి అడగను కూడా లేదు. కాఫీ తాగి, కాగితం బల్ల మీద పెట్టి ఊరుకున్నాడు. ‘పెట్టను’ అంటే రేపు పెళ్లిలో మొహం ఎలా చూపించాలి? సంతకం పడింది. ఇది కోయర్షన్ కాదు. అనుచిత ప్రభావమూ కాదు, అతను ఈయన మనసుని శాసించే స్థానంలో లేడు. ప్రెషర్ అన్నా సరిగ్గా అతకదు, అతను ఏమీ చేయలేదు కాబట్టి.

మూడేళ్ల తర్వాత వాయిదాలు ఆగిపోయి నోటీసు వచ్చినప్పుడు, కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం మామూలుగా షూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. బ్యాంకుకి ఇంగ్లీషులో జవాబు రాయడానికి కూర్చున్న ఆ పెద్దమనిషికి తన కథలోని అసలు మాటే దొరకదు.